ఈడెన్ తోటలో మణికట్టు విద్య

జహీరాబాదులో నలువది యేండ్లు దాటిన క్రికెట్ అభిమాని నెవరినైనను 2001 నాటి కలకత్తా టెస్టును గూర్చి కదిలించి చూడుడు: అతడు పరుగుల లెక్క చెప్పుటకు ముందే, చేతిలో బ్యాటు ఉన్నట్లే రెండు పిడికిళ్లు చేర్చి, మోకాలు కొంచెము వంచి, కుడి మణికట్టును కడపటి క్షణమున మెల్లగా త్రిప్పి, షేన్ వార్న్ వేసిన బంతిని హైదరాబాదు వాడైన వి.వి.యస్. లక్ష్మణ్ మిడ్ వికెట్ దిక్కునకు పంపిన తీరు నభినయించి చూపును. ముంబయి రహదారిపై, బీదరు పొలిమేరకు దాపున, తెలుగును ఉర్దూయు కన్నడమును ఒకే అంగడిలో వినవచ్చు నీ పట్టణమునకు టెస్టు మైదానము లేదు. అయినను హైదరాబాదు ఆటను ఇచ్చటివారు తమ యింటి ఆటగానే యెంచుదురు. ఆ అభినయమును నేను తేలికగా కొట్టివేయను. గ్రంథమున కెక్కని విద్య లోకమున నిలిచి యుండునది ఇట్టి చేతులలోనే గదా.

నాటి పరిస్థితి సంగ్రహముగా నిది. స్టీవ్ వా నాయకుడుగా, వరుసగా 15 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా, ముంబయిలో మూడు దినములలోనే పది వికెట్ల తేడాతో పదునారవ విజయమును సాధించెను. మార్చి 11న ఈడెన్ గార్డెన్స్‌లో ఆరంభమైన రెండవ టెస్టున, హర్భజన్ సింగ్ హ్యాట్రిక్ చేసినను, ఆ జట్టు 445 పరుగులు చేయగా, భారతము 171కే కూలి, 274 పరుగులు వెనుకబడి ఫాలో ఆన్ ఆడవలసి వచ్చెను. ఆ శిథిలములలో ఆరవ స్థానమున వచ్చి, 59 పరుగులు చేసి, చివరి వికెట్టుగా వెనుదిరిగిన లక్ష్మణ్‌ను కోచ్ జాన్ రైట్ ప్యాడ్లు విప్పవద్దని, రెండవ ఇన్నింగ్సున మూడవ స్థానమున దిగుమని ఆదేశించెను. మూడవ స్థానము ద్రావిడ్‌ది. అతడు ఆరవ స్థానమునకు దిగెను.

ఇక విద్య సంగతి. మణికట్టు ఆటకు ప్రాణము ఆలస్యము. బంతిని ముందుగా వెదకుకొని పోక, అది కన్నుల క్రిందికి వచ్చువరకు నిరీక్షించి, బ్యాటు ముఖము బంతిని తాకు క్షణముననే మణికట్టును త్రిప్పవలెను. తాకుటకు ముందే త్రిప్పినచో బ్యాటు అంచు తగిలి బంతి గాలిలోనికి లేచును, మరీ జాగు చేసినచో బంతి ప్యాడును చేరును. పై చేయి బ్యాటును నిటారుగా నిలిపి దిక్కును కాపాడును, క్రింది చేయి కడపటి తిరుగుడు నిచ్చును, శిరస్సు చలింపరాదు. బలము భుజమున లేనందున చూపరికి శ్రమ గోచరింపదు, అందువలననే దీనిని ఇంద్రజాలమని పలువు రనుకొందురు. లెగ్ స్పిన్ తిరుగుడునకు ఎదురుగా ఆడరాదని శిక్షకులు చెప్పుట సహేతుకమే. అయినను వార్న్ లెగ్ స్టంప్ వెలుపలి గరుకు నేలపై వేసిన బంతిని లక్ష్మణ్ క్రీజు దాటి వచ్చి, బ్యాటు ముఖమును తెరచి యుంచి, కవర్స్ మీదుగా తరలించుటయు, అట్టి బంతినే మరల వచ్చినప్పుడు మణికట్టు త్రిప్పి మిడ్ వికెట్ వైపు దొర్లించుటయు చూచినవారు, ఒకే బంతికి రెండు దిక్కుల కాపలా పెట్టవలసిన బౌలరు కష్టమును గ్రహించిరి. ఆ ఇన్నింగ్సున వార్న్ 34 ఓవర్లలో 152 పరుగు లిచ్చి ఒక్క వికెట్టు మాత్రమే పడగొట్టెను.

ఈ విద్యకు హైదరాబాదులో వంశావళి కలదు. విచిత్రమేమనగా దాని ప్రసిద్ధ ఘట్టములలో కొన్ని ఈడెన్‌లోనే జరిగినవి. ఎం.ఎల్. జయసింహ 1960లో ఆస్ట్రేలియాపై అచ్చటనే టెస్టు అయిదు దినములును బ్యాటింగు చేసిన తొలి ఆటగాడయ్యెను. మొహమ్మద్ అజహరుద్దీన్ ఇంగ్లండుపై తన తొలి టెస్టున ఆ మైదానముననే శతకము చేసి, పిదప రెండు టెస్టులలోను శతకములు చేసెను. అజహర్ మణికట్టు కొరడావలె చప్పున విదిలించునది. లక్ష్మణ్‌ది పొడవైన దేహముతో నిటారుగా నిలిచి, తొందర లేక తీర్చిన తిరుగుడు. వీరిద్దరిలో నే నెక్కువ యిష్టపడున దెవరి ఆట యని యడిగినచో, వివాదమునకు వెరవక, లక్ష్మణ్‌ది యందును.

మార్చి 14, బుధవారము, ఆ టెస్టున నాలుగవ దినము. ఉదయము 109తో నిలిచిన లక్ష్మణ్ సాయంకాలమునకు 275 చేసెను. ఆవలి కొనన ద్రావిడ్ 155. దినమంతయు ఒక్క వికెట్టయినను పడక 335 పరుగులు వచ్చెను. మరునాడు లక్ష్మణ్ 281 వద్ద మెక్‌గ్రాత్ బంతికి పాంటింగ్‌కు క్యాచ్ ఇచ్చువరకు ఆడినవి 452 బంతులు, ఫోర్లు 44, సిక్సరు ఒక్కటియు లేదు. జహీరాబాదు పెద్దలు ఆ నాటిని చెప్పుకొనునపుడు నే నాశించున దీ సిక్సరు లేమినే, కాని వారిలో అనేకులు "క్యా మారా!" అని బౌండరీల వద్దనే ఆగిపోవుదురు. పది గంటలకు పైగా బంతి నేల నంటియే పోయినదన్నచో, అది యుత్సాహముతో సాధ్యపడునది కాదు. నడుము నొప్పితో టెస్టునకు వచ్చిన వానికి మరింతయు కాదు. జ్వరముతో ఆడిన ద్రావిడ్ 180ను, అయిదవ వికెట్టుకు వారు చేర్చిన 376ను విడిచి లక్ష్మణ్‌ను మాత్రమే కీర్తించుట అన్యాయము. ద్రావిడ్ నిలిచినందుననే లక్ష్మణ్ తన ఆలస్యమును నిశ్చింతగా పాటింపగలిగెను.

తక్కిన కథ అందరెరిగినదే. భారతము 657/7 వద్ద డిక్లేరు చేయగా, 384 లక్ష్యముతో దిగిన ఆస్ట్రేలియా 212కు ముగిసెను. ఫాలో ఆన్ ఆడి గెలుచుట టెస్టు చరిత్రలో అది మూడవ పర్యాయము. చెన్నైలో జరిగిన మూడవ టెస్టున హర్భజన్ 15 వికెట్లు తీసి, చివర రెండు వికెట్ల తేడాతో గెలుపు పరుగులు కూడ తానే చేసెను. ఆ వేళ 22తో అజేయముగా నిలిచిన సమీర్ దిఘే పేరు పలుకు అభిమాని తటస్థపడినచో, అతడు నిజమైన రసికుడని నమ్మవచ్చును. లక్ష్మణ్ చెన్నైలోను 65, 66 చేసి సిరీస్ మొత్తమున 503 పరుగులు సాధించెను.

నేటి బాలురు టెన్నిస్ బంతితో, ఇసుక నేలపై, పన్నెండు ఓవర్ల ఆటలో మణికట్టును బంతి నెత్తుటకే వాడుచున్నారు. పెద్దలు దానిని నిరసింతురు గాని, ఆ వేగములో నిరీక్షించుమనుట యెంతవరకు న్యాయమో ఆలోచింపవలెను. పెద్దలలోనే తీరని వివాద మొకటి కలదు: ఈడెన్ 281 గొప్పదా, 2010లో మొహాలీయందు ఆస్ట్రేలియాపై చేసిన అజేయమైన 73 గొప్పదా? మొహాలీలో ఒక దశయందు 216 లక్ష్యమునకు భారతము 124/8. నడుము పట్టివేయగా లక్ష్మణ్‌కు రైనా రన్నరుగా పరుగెత్తెను. ఇషాంత్ శర్మ తోడుతో 81 పరుగులు చేర్చి ఒక్క వికెట్టు తేడాతో గెలిపించెను. సంఖ్యను బట్టి ఈడెన్ పక్షము వారే హెచ్చు. కాని ఈడెన్‌లో పాదములును మణికట్టును రెండును అతనికి సాయమయ్యెను. మొహాలీలో అడుగు కదలని వానికి మిగిలినది మణికట్టొక్కటే, అయినను బౌలర్లు దాని నాపలేకపోయిరి.