నగల చెట్టు, పశువుల తొట్టి

డిసెంబరు 25 ఈ దేశంలో సెలవు కాదు. అయినా నెల పుట్టగానే బజారులో క్రిస్మస్ దిగిపోతుంది. బనియాస్‌లో కాపురముంటున్న మనకు పండుగ ముందు దుకాణంలో ఎదురవుతుంది. ప్రార్థన ఆ తరువాత.

2010లో ఇదే అబూధాబీలో ఎమిరేట్స్ ప్యాలెస్ హోటలువారు క్రిస్మస్ చెట్టుకు కోటీ పది లక్షల డాలర్ల నగలు తగిలించారు. లోకం విస్తుపోయింది. చివరకు వారే విచారం వెలిబుచ్చారు.

ఆ చెట్టును ఆక్షేపించడం తేలిక. కాని ఖర్చే తప్పంటే మన మెదక్ చర్చి మాటేమిటి? 1924లో సరిగ్గా డిసెంబరు 25నే ప్రతిష్ఠ జరిగిన ఆ గుడి వైభవానికేమీ తక్కువ కాదు. అయితే పోస్నెట్ దొర కట్టించిన ఆ కట్టడం కరువు రోజుల్లో జనానికి పని చూపి తిండి పెట్టింది. రాయి మోసినవాడి ఇంట పొయ్యి వెలిగింది. చెట్టుమీది నగలు ఎవరి ఆకలి తీర్చాయి? తేడా అక్కడుంది.

కనుక పిల్లలకు కొత్తబట్టలు వద్దనను, వాకిట నక్షత్రం దించమనను. సెమీ క్రిస్మస్ విందుకు మన భవనం వాచ్‌మన్‌ను, మెట్లు తుడిచే అతన్ని ఎన్నడైనా పిలిచామా అని మాత్రం అడుగుతాను. నేనూ పిలవలేదు. కానుకలు చుట్టే రంగు కాగితానికి ఎంతయిందో చెప్పగలను. అతని ఊరిపేరు చెప్పలేను.

తొట్టిలో పుట్టినవాని కబురు మొదట అందింది రాత్రివేళ కాపలా కాస్తున్న గొర్రెల కాపరులకే కదా! ఈ ఏడు మనమూ కాపలావాడితోనే మొదలుపెడదాం.