ముద్ర పడ్డాక ఎవరూ వినరు: జోగేన్ మండల్, మరిచ్‌ఝాపి, మనమూ

కిందటి చలికాలంలో కోల్‌కతా కాలేజ్ స్క్వేర్ దగ్గర ఒక చిన్న హాలులో మరిచ్‌ఝాపి గురించి మాట్లాడమని పిలిస్తే వెళ్లాను. ఇరవై నిమిషాలు మాట్లాడాను. తేదీలు చెప్పాను, హైకోర్టు ఉత్తర్వు గురించి చెప్పాను. కూర్చోగానే ముందు వరసలో ఒక పెద్దమనిషి లేచి "మీరు బీజేపీ వారా?" అని అడిగారు. నేను చెప్పినదాంట్లో ఏ తేదీ తప్పో, ఏ మాట అబద్ధమో ఆయన అడగలేదు. కాదన్నాను. "మరి ఇప్పుడెందుకు ఈ విషయం?" అన్నారు. ఇక అక్కడినుంచి సభ నా మీద చర్చ అయిపోయింది. ఆ దీవిలో చనిపోయినవారు పక్కకు పోయారు.

మరుసటి ఆదివారం టీటాగఢ్‌లో మన తెలుగువారి బస్తీకి వెళ్లాను. జూట్ మిల్లుల్లో పనికి ఉత్తరాంధ్ర నుంచి తాతల కాలంలో వచ్చిన కుటుంబాలవి. ఈ ఊరివారికి మనం ఇప్పటికీ 'మద్రాసీ'లమే, అది వేరే ముద్ర. వందన అయ్యాక కాంట్రాక్టు కూలీల సంగతి కాసేపు మాట్లాడాను. ఒక పెద్దాయన నవ్వుతూ "ఏమయ్యా కామ్రేడ్, ధమ్మం వదిలేశావా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తిరుగు లోకల్ రైల్లో కూర్చున్నాక నవ్వు రాలేదు. వారం తేడాలో నాకు రెండు ముద్రలు పడ్డాయి, అవీ ఒకదానికొకటి పడనివి. రెండుచోట్లా నేను తీసుకెళ్లిన విషయం మాత్రం సంచిలోనే తిరిగి వచ్చింది.

లా చదివినప్పుడు మొదట నేర్చుకున్న సంగతి ఒకటుంది. చార్జిషీటులో రాసిన సెక్షను నేరానికి రుజువు కాదు. సెక్షను పేరు ఎంత భయంకరంగా ఉన్నా సాక్షి బోనెక్కాలి, క్రాస్ ఎగ్జామినేషన్ జరగాలి. బయటి చర్చలో ఈ నియమం తలకిందులైంది. ఇక్కడ పేరే అభియోగం, పేరే సాక్ష్యం, పేరే తీర్పు. దీనికి బెంగాల్‌లో జోగేంద్రనాథ్ మండల్ కన్నా పెద్ద ఉదాహరణ నాకు కనిపించదు. మన ఉపాసకుల్లో చాలామందికి ఆయన పేరు తెలుసు, కథ సగమే తెలుసు.

ఆయన బరిసాల్ ప్రాంతంలో నామశూద్ర కుటుంబంలో 1904లో పుట్టారు. లా చదివారు. 1937 ఎన్నికల్లో రిజర్వుడు సీటులో కాదు, జనరల్ సీటులో స్వతంత్రుడిగా నిలబడి కాంగ్రెస్ అభ్యర్థిని ఓడించారు. 1946లో షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ తరఫున బెంగాల్ శాసనసభకు గెలిచింది ఆయన ఒక్కరే. అదే ఏడాది జూలైలో రాజ్యాంగ సభకు వెళ్లడానికి బాబాసాహెబ్‌కు సొంత బొంబాయిలో దారి లేకపోయింది. ఆయనను బెంగాల్ నుంచి గెలిపించడానికి ఓట్లు కూడగట్టింది మండల్. విభజనతో ఆ బెంగాల్ సీటు పోయింది, 1947 జూలైలో బాబాసాహెబ్ బొంబాయి నుంచి మళ్లీ ఎన్నికయ్యారు. కానీ మొదటి తలుపు తెరిచింది తూర్పు బెంగాల్ దళితులు. రాజ్యాంగం గురించి మాట్లాడేటప్పుడు ఈ రుణం మనం సరిగా చెప్పుకోవడం లేదు.

మండల్ ముస్లిం లీగ్‌తో కలిశారు. పేద నామశూద్ర రైతుకూ పేద ముస్లిం రైతుకూ భూమి, అప్పు, జమీందారు ఒకటే అన్నది ఆయన లెక్క. తూర్పు బెంగాల్ పల్లెల్లో ఆ లెక్కకు ఆధారం ఉంది. పాకిస్తాన్‌కు తొలి న్యాయ, కార్మిక మంత్రి అయ్యారు. 1950లో తూర్పు బెంగాల్‌లో హిందువుల మీద, అందులో తన వారి మీద జరిగిన దాడుల తర్వాత అక్టోబరు 8న ప్రధాని లియాఖత్ అలీ ఖాన్‌కు సుదీర్ఘమైన రాజీనామా లేఖ రాసి కలకత్తా వచ్చేశారు. ఆ లెక్క తప్పిందని ఆయనే ఒప్పుకున్నారు. రాజకీయాల్లో అలా ఒప్పుకునేవారు ఎంతమంది?

కలకత్తా ఆయనకు ఇచ్చిన పేరు 'జోగేన్ అలీ మొల్లా'. ఒక మనిషి చేసిన పదిహేనేళ్ల రాజకీయానికి అది జవాబు అయిపోయింది. ఆ తర్వాత 1968లో చనిపోయేదాకా ఆయన శరణార్థుల మధ్య తిరిగారు, వారిని బెంగాల్ దాటించి దండకారణ్యానికి పంపడాన్ని వ్యతిరేకించారు, ఎన్నికల్లో నిలబడ్డారు, ఒక్కసారీ గెలవలేదు. ముద్ర పడ్డాక ఆయన ఏం చెబుతున్నారో ఎవరు వింటారు?

ఇప్పుడు కథ మారింది. అప్పట్లో మొల్లా అని ఎగతాళి చేసిన తరహా రాజకీయమే ఇప్పుడు ఆయన రాజీనామా లేఖను చేతిలో పట్టుకుని తిరుగుతోంది. "చూశారా, దళితులు ముస్లింలతో కలిస్తే ఏమవుతుందో" అని చెప్పడానికి. లేఖలో ఉన్న బాధ నిజం, హింస నిజం. కానీ 1946లో ఆయన అలా ఎందుకు నమ్మారు, సవర్ణ కాంగ్రెస్ ఆయనకు ఏ తలుపు మూసింది అన్న సగం చింపేసి మిగతా సగమే చదువుతున్నారు. మొదట ఆయన ద్రోహి, తర్వాత ఆయన గుణపాఠం. మనిషిని మాత్రం ఎవరూ చదవలేదు.

మండల్ వెళ్లవద్దన్న దండకారణ్యానికే ఆయన ప్రజలు వెళ్లాల్సి వచ్చింది. మల్కాన్‌గిరి, మానా క్యాంపులు వినే ఉంటారు. మన కాగజ్‌నగర్ పక్కన బెంగాలీ క్యాంపులు కూడా ఆ వలసలో భాగమే. తెలుగు పాఠకులకు ఇది దూరపు కథ కాదు. ప్రతిపక్షంలో ఉన్నన్నాళ్లూ బెంగాల్ వామపక్షాలు వీరికి పశ్చిమ బెంగాల్‌లోనే పునరావాసం ఇవ్వాలని అడిగాయి. 1977లో అవే అధికారంలోకి వచ్చాయి. 1978లో ఆ మాట నమ్మి వేలాది కుటుంబాలు క్యాంపులు వదిలి బయలుదేరాయి. కొంతమంది సుందరబన్స్‌లోని మరిచ్‌ఝాపి దీవికి చేరి, ప్రభుత్వం పైసా ఇవ్వకపోయినా గట్లు కట్టుకున్నారు, బడి పెట్టుకున్నారు, ఊరికి నేతాజీనగర్ అని పేరు పెట్టుకున్నారు.

నిన్నటి 'సర్వం పోగొట్టుకున్న శరణార్థులు' ఒక్క ఏడాదిలో అడవి చట్టాన్ని ఉల్లంఘించినవారు అయ్యారు, కుట్రదారుల చేతిలో కీలుబొమ్మలు అయ్యారు. మనుషులు వారే, అడిగిందీ అదే, పేరు మారింది. 1979 జనవరి చివర్లో 144 సెక్షను పెట్టి, పోలీసు లాంచీలతో దీవిని చుట్టుముట్టి తిండి, నీళ్లు ఆపారు. జనవరి 31న కాల్పులు జరిగాయి. ఫిబ్రవరిలో కలకత్తా హైకోర్టు తాగునీరు, ఆహారం, మందులు అడ్డుకోవద్దని చెప్పవలసి వచ్చింది. మే నెల మధ్యలో గుడిసెలు తగలబెట్టి దీవిని ఖాళీ చేయించారు. చనిపోయినవారి లెక్క మీద ఇప్పటికీ ఒప్పుదల లేదు. కాల్పుల్లో ఇద్దరే అని ప్రభుత్వం చెప్పింది, ఇతరులు చెప్పే లెక్కలు పదుల నుంచి వేల దాకా పోతాయి.

నన్ను ఎక్కువగా బాధించేది కాల్పుల కన్నా దాని తర్వాతి నిశ్శబ్దం. వియత్నాం కోసం వీధుల్లోకి వచ్చిన నగరం ఇది. కానీ మరిచ్‌ఝాపి గురించి అడిగినవాడు 'ప్రగతి నిరోధకుడు' అయ్యేవాడు, కులం పేరెత్తితే 'కులతత్వవాది' అయ్యేవాడు. బెంగాల్‌లో కులం లేదు, ధనిక పేద తేడాయే ఉంది అని ఇక్కడి భద్రలోకం ఈనాటికీ చెబుతుంది. చెప్పేవారి ఇంటిపేర్లు బందోపాధ్యాయ, భట్టాచార్య, సేన్, బోస్. హాలులో నన్ను బీజేపీవాడివా అని అడిగిన పెద్దమనిషి దురుద్దేశంతో అడిగారని నేననుకోను. ఇవాళ ఆ దీవి పేరు ఎన్నికల ముందు ఎత్తేది ఎక్కువగా ఆయన పార్టీ ప్రత్యర్థులే. వారికి కావలసింది నామశూద్రులు కాదు, సీపీఎంను కొట్టడానికి ఒక కర్ర. ఆయన భయం అర్థమవుతుంది. అయితే ప్రత్యర్థి వాడుకుంటున్నాడని నిజాన్ని ప్రత్యర్థికే వదిలేస్తే, చనిపోయినవారు రెండోసారి ఒంటరివారవుతారు.

అదే జనం మీద ముద్రలు ఇంకా పడుతూనే ఉన్నాయి. 2003 పౌరసత్వ సవరణ 'అక్రమ వలసదారు' అన్న మాటను చట్టంలోకి తెచ్చింది. సరైన కాగితం లేకుండా సరిహద్దు దాటిన నామశూద్రుడు అందులో పడ్డాడు, మతువాలు ఆందోళన చేశారు. 2019 సవరణ మూడు దేశాల నుంచి 2014 ఆఖరులోపు వచ్చిన ఆరు మతాలవారిని ఆ మాట నుంచి తప్పించింది. అదే నది, అదే పడవ, అదే దళారి. పడవ దిగినవారిలో ఒకరు 'శరణార్థి', ఒకరు 'చొరబాటుదారు'. ఆ ఆరింటిలో బౌద్ధం కూడా ఉంది కాబట్టి మనం ఊరుకోవచ్చా? చిట్టగాంగ్ నుంచి వచ్చిన చక్మా, బరువా బౌద్ధులకు ఊరట దొరికితే సంతోషమే. పక్కవాడికి పడ్డ పేరును మాత్రం నేను ధమ్మం పేరుతో సమర్థించలేను.

ఇక మన ఇంటి సంగతి. 1956 నవంబరులో కఠ్మాండూలో బాబాసాహెబ్ బుద్ధుడినీ మార్క్సునూ పక్కపక్కన పెట్టి మాట్లాడారు. 'బుద్ధుడా కార్ల్ మార్క్సా' అన్న ఆయన వ్యాసాన్ని మనలో చాలామంది శీర్షిక వరకే చదివారు. శీర్షిక చూస్తే ఒకరిని ఎంచుకో, ఒకరిని కొట్టెయ్ అన్నట్టుంది. లోపల ఆయన చేసింది వేరు. మార్క్సు వాదాల్లో ఏవి కాలానికి నిలవలేదో చెప్పి, నిలిచినవాటిని నాలుగు అంశాలుగా విడదీసి, ఒక్కొక్కదానికి బుద్ధుడి బోధలో ఏముందో వెతికారు. గమ్యం దగ్గర దగ్గరగా ఉంది, మార్గంలో తేడా ఉంది అని తేల్చారు. హింస, నియంతృత్వం ఆయనకు ఒప్పుదల కాలేదు. సొంత ఆస్తి లేని జీవితాన్ని భిక్షు సంఘం బలవంతం లేకుండా నడిపింది కదా అని చూపించారు. అప్పటికే కాంగ్రెస్‌వారు ఆయనను బ్రిటిష్‌వారి మనిషి అన్నారు, కమ్యూనిస్టులు సంస్కరణవాది అని తీసిపారేశారు. అయినా ఎదుటివారి గ్రంథం చదవకుండా వారికి పేరు పెట్టి వదిలేయలేదు.

మనం? ఆనంద్ తేల్తుంబ్డే బాబాసాహెబ్ కుటుంబానికి అల్లుడు, 'ఇండియా అండ్ కమ్యూనిజం' పేరుతో వచ్చిన బాబాసాహెబ్ అసంపూర్ణ రచనకు ముందుమాట రాసినవారు. ఆయన వాదాలతో నాకు చాలా చోట్ల పేచీ ఉంది, ముఖ్యంగా ధమ్మదీక్ష గురించి. కానీ మన సభల్లో ఆ వాదాలకు జవాబు విన్నది తక్కువ, "ఆయన మార్క్సిస్టు, మనవాడు కాదు" అన్నది ఎక్కువ. 2020 ఏప్రిల్ 14న, అంబేడ్కర్ జయంతి నాడు, ఆయన భీమా కోరేగావ్ కేసులో లొంగిపోయి జైలుకు వెళ్లారు. బయట 'అర్బన్ నక్సల్' అన్నారు. ఆయన బెయిలు మీద బయటికి వచ్చింది 2022 నవంబరులో. ఆ రెండున్నరేళ్లు మనలో కొందరు మౌనంగా ఉండగలిగారంటే, రాజ్యం వేసిన ముద్ర కింద మన ముద్ర అప్పటికే ఉండబట్టి. 'మనువాది' అన్న మాటనూ అంతే చవకగా వాడుతున్నాం. ఒక ఉపాసకుడు వేరే సంఘంలో చేరితే మనువాది, వందన పద్ధతి మార్చితే మనువాది. నిజమైన మనువాది ఎదురుపడిన రోజు వాడడానికి మన దగ్గర మాట మిగలదు.

పేర్లే వద్దని నేనను. చండాలుడు అన్న పేరు మీద పోరాడి 1911 జనగణనలో నామశూద్ర అనిపించుకున్నవారి చరిత్ర ఇది. దళిత్ అన్న మాట లేకపోతే మన దెబ్బకు పేరే ఉండేది కాదు. మనోరంజన్ బ్యాపారి తన ఆత్మకథ పేరులో చండాల అన్న మాటను తానే తెచ్చుకుని పెట్టుకున్నారు. ఎవరు ఏం చేశారో చెప్పే పేరును పరీక్షకు పెట్టవచ్చు, తప్పయితే తప్పని తేలుతుంది. రెండో రకం పేరు, పరీక్ష జరగకుండా చూడడానికే పుట్టింది.

భగవానుడికీ ఇది తప్పలేదు. వేరంజలో ఒక బ్రాహ్మణుడు, వృద్ధ బ్రాహ్మణులకు ఆయన లేచి నమస్కరించడం లేదన్న కోపంతో, వరసగా పేర్లు పెట్టాడు: రసం లేనివాడు, అక్రియావాది, ఉచ్ఛేదవాది, వినాశకుడు, ఇంకా కొన్ని. బుద్ధుడు కాదని అరవలేదు, ఎదురు పేరు పెట్టలేదు. అవును, ఒక అర్థంలో నన్ను అక్రియావాది అనవచ్చు, చెడు పనులు చేయవద్దంటాను కనుక. ఉచ్ఛేదవాది అనవచ్చు, రాగ ద్వేష మోహాలను ఛేదించమంటాను కనుక. నువ్వు అనుకున్న అర్థంలో మాత్రం కాదు అన్నారు. ఒక్కొక్క పేరునూ విప్పి లోపల ఏముందో చూపించారు.

వైశాలిలో సీహ సేనాపతి కథ దీనికి జంట. ఆయన నిగంఠుల ఉపాసకుడు. గోతముడు అక్రియావాది, ఆయన దగ్గరకు ఎందుకు అని గురువు రెండుసార్లు ఆపాడు. మూడోసారి సీహుడు ఎవరినీ అడగకుండా వెళ్లి బుద్ధుడినే అడిగాడు: మీ గురించి ఇలా అంటున్నారు, వారు మీరన్నదే చెబుతున్నారా, లేక నింద మోపుతున్నారా? అంత మంచి క్రాస్ ఎగ్జామినేషన్ ప్రశ్న నేను కోర్టులో కూడా తక్కువగా విన్నాను. జవాబు విని ఆయన ఉపాసకుడయ్యాడు. అప్పుడు బుద్ధుడు, నీ ఇల్లు ఇన్నాళ్లూ నిగంఠులకు నీళ్లబావిలా ఉంది, వారు వస్తే భిక్ష ఆపవద్దు అన్నారు.

టీటాగఢ్ పెద్దాయనకు ఈ రెండు సుత్తాలూ చెప్పాను. "అయితే నిన్ను కామ్రేడ్ అనడం ఏ అర్థంలో సరైనదో చెప్పు" అన్నాడు. చెప్పాను, కాంట్రాక్టు కూలీల లెక్కతో సహా. ఈసారి అడ్డు రాకుండా విన్నాడు. వచ్చే నెల నుంచి ఆదివారాలు బస్తీలో 'బుద్ధుడా కార్ల్ మార్క్సా' శీర్షిక దాటి రెండో పేజీ నుంచి చదువుతున్నాం. పైకి చదివేది ఆయనే.