భయానక చిత్రములకు నాంది

చిత్రారంభమున నటుల పేర్లు, పనివారి పేర్లు కనబడుటను మన పల్లెలలో "పేర్లు పడుట" యందురు. "ఇంకను పేర్లే పడుచున్నవి, తొందర లేదు" అని హాలు బయట నిలిచి కబుర్లు చెప్పుకొనువారు నేటికిని కలరు. తక్కిన చిత్రముల మాట యెట్లున్నను, భయానక చిత్రమునకు వచ్చి అట్లు నిలిచినవాడు సగము భయమును పోగొట్టుకొన్నవాడే.

మన పెద్దలకు ఈ సంగతి తెలియనిది కాదు. విశాఖదత్తుని ముద్రారాక్షసము నాందిలో శివుడు తన తలపై నున్న గంగ సంగతి పార్వతికి చెప్పక మాటలతో దాటవేయును. చాణక్యుని పేరైనను అక్కడ లేదు. అయినను రాబోవునది కపటనీతి కథ యని సహృదయునకు సూచన అందినది. సూచింపవలెను గాని చెప్పరాదు.

1960లో హిచ్‌కాక్ తీసిన 'సైకో' చిత్రమునకు పేర్ల భాగమును రూపొందించిన సాల్ బాస్ ఈ మర్మ మెరిగినవాడు. అందు రక్తము లేదు, కత్తి లేదు, మనిషి ముఖమైనను లేదు. నల్లని తెరపై బూడిదరంగు గీతలు అడ్డముగను నిలువుగను పరుగెత్తును. అక్షరములు ముక్కలై, కలిసి, మరల చీలిపోవును. బెర్నార్డ్ హెర్మన్ సంగీతమున తంత్రీవాద్యములు తప్ప వేరొకటి లేదు. రెండుగా చీలిన మనస్సు కథ యని ఆ చీలిన అక్షరములే చెప్పినవి. 1978 నాటి 'హాలోవీన్'లో తొలిచిన గుమ్మడికాయలో దీపము మినుకుమినుకుమనుచుండగా కెమేరా మెల్లమెల్లగా దానిని సమీపించును, అంతియే. (మన యిండ్లకు దిష్టి తగులకుండ కట్టు బూడిదగుమ్మడికాయకు దాయాది అక్కడ ఈ పని చేసినది!) 1980 నాటి 'ది షైనింగ్'లో చీకటి కూడ లేదు. పట్టపగలు, సరస్సు, కొండదారి, ఒక చిన్న కారు. పైనుండి చూచుచున్న దెవరో కుబ్రిక్ చెప్పడు. వెనుక మృతులకై క్రైస్తవులు పాడు ప్రాచీనమైన బాణి వినవచ్చును.

అందమైన చోటే భయపెట్టగలదనుటకు మా కెలవరపల్లి జలాశయము చాలును. ఎగువనుండి వచ్చిన మురుగు నీటిలో కలిసినపుడు గేట్ల దిగువ దక్షిణ పినాకినిపై తెల్లని నురుగు గుట్టలుగా లేచును. అచట కెమేరాను నిలిపి, చప్పుడు లేక పేర్లు వేసినచో దెయ్యమును చూపనక్కరలేదు.

మనవారిలో 1967 నాటి 'అవే కళ్ళు' తన పేరులోనే భయమును దాచుకొన్నది. 2023లో వచ్చిన 'విరూపాక్ష' ఊరివారు దంపతులను నిప్పుపాలు చేయు ఘట్టముతో ఆరంభమగును. బలమైన ఘట్టమే, కాదనను. కాని అది కథ, నాంది కాదు. భయముకంటె ముందు కారణము వచ్చి కూర్చున్నది.

ఇక సెన్సారు పత్రము, 2012 నుండి పొగాకు హెచ్చరిక, కృతజ్ఞతల జాబితా. హెచ్చరిక మంచిదే, దాని తరువాతనైనను నిశ్శబ్దముగా ఆరంభింపవచ్చును గదా! ఇంటిలో చూచుటకు కూర్చున్న మనుమలకో, పేర్లను దాటించు మీట యొకటి దొరకినది.

నాకు ముఖ్యమైనది వేరు. తమిళమును నిర్బంధము చేసిన 2006 నాటి చట్టము తరువాత మన పిల్లలకు బడిలో తెలుగు చదువు సన్నగిల్లినది. హోసూరు ప్రాంతమున వారికి తెలుగు అక్షరము నిలువెత్తుగా కనబడు కొద్ది చోట్లలో వెండితెర యొకటి. అచటను పేర్లు తరచుగా ఇంగ్లీషులోనే పడుచున్నవి. గుండ్రని మన లిపి భయమునకు పనికిరాదని కొందరి వాదము. చీకటిలో ఒక 'క' నిలిచి, దాని తలకట్టు నెమ్మదిగా ఊడి, క్రిందికి జారి, చప్పుడు లేక మాయమగుట నొకసారి ఊహించి చూడుడు.