గోడ మీది పేర్లు

ఫాసిస్టు వ్యతిరేకత మన అభ్యుదయ సాహిత్యానికి ఉగ్గుపాలతో అబ్బిన గుణం. తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం పుట్టిన 1943లోనే నాజీల రైళ్లు తెరెజీన్ నిర్బంధ శిబిరం నుంచి యూదుల్ని ఆష్విట్జ్‌కు చేరవేశాయి. అయినా ఆ మారణకాండను గురించి రాసేటప్పుడు మనం తరచు ‘లక్షలాది ప్రజలు’ అనే మాట దగ్గరే ఆగిపోతాం.

ఆ మాట ఎంత చాలదో ప్రాగ్ నగరంలోని పింకాస్ సినగాగ్‌ను చూస్తే తెలుస్తుంది. 1535 నాటి యూదు ప్రార్థనామందిరం అది. నాజీలు బలిగొన్న బొహీమియా, మొరేవియా యూదులు దాదాపు 78 వేలమంది పేర్లను వాత్స్లావ్ బోష్తీక్, యిర్జీ యోన్ అనే చిత్రకారులు 1954-59 మధ్య దాని లోపలి గోడలనిండా చేత్తో రాశారు. విగ్రహం లేదు, విశేషణం లేదు. ఊరు, ఇంటిపేరు, ఆ ఇంటివాళ్ల పేర్లు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. పోయిన తేదీ తెలియనివారికి చాలావరకు రైలెక్కించిన తేదీ. బడిలో హాజరుపట్టీ లాగే అక్కడా ఎవరికీ ఎక్కువ జాగా లేదు. తెలియనిదాన్ని ఊహించి రాయకపోవడమే ఆ రచనలోని శిల్పం. మనవాళ్లయితే ప్రతి పేరు పక్కనా ఒక నిట్టూర్పు చేర్చి ఉండేవాళ్లు.

ఫాసిజం కమ్యూనిస్టుల్నీ కార్మికుల్నీ కూడా చంపింది కదా, యూదుల్ని వేరుచేసి చెప్పడం సంకుచితం కాదా అని కొందరు మిత్రులు అడగవచ్చు. వేరుచేసింది నాజీలు. యూదులుగా పుట్టారన్న ఒక్క కారణంతో పసిపిల్లల్ని సైతం చంపినప్పుడు, వాళ్లను ‘ఫాసిజం బాధితులు’ అనే సామాన్యపదంలో కలిపేయడం వర్గదృక్పథం అనిపించుకోదు. నేరస్వభావాన్ని మరుగుపరచడం అవుతుంది.

చెకొస్లొవాకియా సోషలిస్టు ప్రభుత్వ చరిత్రను కూడా మనం దాటవేయకూడదు. 1952లో స్లాన్‌స్కీ విచారణలో 14 మంది ముద్దాయిల్లో 11 మంది యూదులు. అభియోగపత్రమే వాళ్ల పుట్టుకను ఎత్తిచూపింది. ఈ స్మారకం ఆ ప్రభుత్వకాలంలోనే వెలిసిందన్నదీ నిజమే. కాని 1968లో భూగర్భజలం గోడలకెక్కి మందిరం మూతపడింది. మరమ్మతుల్లో పేర్లు రాసిన సున్నపు పూత పోయింది. ఇరవై ఏళ్లు దాటినా తలుపులు తెరుచుకోలేదు. చెమ్మను ప్రకృతి ఖాతాలో వేయవచ్చు గాని, అంత జాప్యాన్ని వేయలేం. 1989లో ఆ వ్యవస్థ కూలాకనే, 1992-96 మధ్య, పేర్లన్నీ మొదటినుంచి మళ్లీ చేత్తో రాశారు. ఈ సంగతి మన ప్రత్యర్థులు చెప్పేదాకా మనం ఎందుకు ఆగాలి? 2002 వరదల్లో కింది వరసలు మళ్లీ దెబ్బతింటే వాటినీ బాగుచేశారు.

మేడమీద తెరెజీన్ పిల్లల బొమ్మలున్నాయి. అక్కడ తానూ బందీగా ఉంటూ ఫ్రీడ్ల్ డికర్-బ్రాండైస్ అనే చిత్రకారిణి వాళ్లకు బొమ్మలు వేయడం నేర్పారు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌లో చంపారు. ప్రాగ్ యూదు మ్యూజియంలో మిగిలిన బొమ్మలు దాదాపు 4,500. చాలా బొమ్మల మీద పిల్లలు తమ పేర్లు రాసుకున్నారు. ఆ పేర్లలో ఎన్నో కింది గోడల మీద కనిపిస్తాయి, ఊరితో, తేదీలతో సహా.