బున్యోల్ టమాటాలు, పాంప్లోనా ఎద్దులు

జోయా అఖ్తర్ తీసిన ‘జిందగీ నా మిలేగీ దొబారా’ 2011 జూలైలో వచ్చింది. ముగ్గురు స్నేహితులు, ఒక పాత బ్యూయిక్ కారు, మూడు వారాల స్పెయిన్. ఆ తర్వాత మన దగ్గర ఏ ఫ్రెండ్స్ గ్రూపు బయల్దేరినా, పోయేది అరకుకే అయినా సరే, రీల్ వెనక దీని పాటే. నాకూ ఇష్టమైన సినిమానే. అందుకే దీంతో కాస్త గొడవ పడాలనిపిస్తోంది.

ముందు చిన్న లెక్క. బున్యోల్‌లో టమాటాల పండగ ఆగస్టు ఆఖరి బుధవారం. పాంప్లోనాలో ఎద్దుల పరుగు జూలై రెండో వారానికల్లా అయిపోతుంది. సినిమాలో మాత్రం ముందు టమాటాలు, ఆ తర్వాత ఎద్దులు, మధ్యలో సెవిల్. ఏ కేలెండర్ ప్రకారం చూసినా మూడు వారాల్లో ఇది కుదరదు. ఇది తప్పు పట్టాల్సిన విషయం కాదు, సినిమా స్వభావాన్ని చెప్పే విషయం. ఇందులో స్పెయిన్ దేశం కాదు, మెనూ కార్డు. ఏ ఐటమ్ ఎప్పుడు అడిగితే అప్పుడు వస్తుంది. ఆ ఒక్క పాట కోసం పోర్చుగల్ నుంచి పదహారు టన్నుల టమాటాలు తెప్పించారని అప్పట్లో పత్రికలు రాశాయి. నల్లమలకి అవతల పత్తికొండ మార్కెట్లో ధర పడిపోయినప్పుడు రైతులు టమాటాలు రోడ్డు మీద పారబోయడం చూసినవాళ్లకి ఆ ఎరుపు ఇంకోలా కనిపిస్తుంది. ఆ పాట చూస్తూ నేను నవ్వకుండా ఉంటానని కాదు, నవ్వుతాను.

ఎద్దుల దగ్గర మాత్రం ఆగాలి. మాది గిద్దలూరు వైపు. తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగినవాళ్లం. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు అంటూ పళ్లని బట్టి విభాగాలు. ఇచ్చిన టైములో బండని ఎంత దూరం లాగితే అంత. చెర్నాకోల దెబ్బలూ ఉంటాయి, దాన్ని నేను వెనకేసుకు రాను. కానీ గెలిచిన జత ఎవరిదో, వాటికి ఉలవలు ఎలా పెట్టారో నెలల తరబడి మాట్లాడుకుంటారు. పాంప్లోనాలో పొద్దున పరిగెత్తిన ఎద్దుల్ని అదే సాయంత్రం రింగులో చంపుతారు. సినిమా పొద్దుటి పూటతోనే ఆగిపోతుంది. ముగ్గురూ బతికి బయటపడ్డారు, నవ్వుకున్నారు, చాలు. చావుని ఎదుర్కొని బతుకు విలువ తెలుసుకునే ఘట్టం అది. అందులో నిజంగా చావబోయే ప్రాణి ఏదో మనకి చెప్పలేదు.

ఇక అర్జున్. లండన్‌లో డబ్బు వ్యాపారం చేసే హృతిక్ రోషన్. సెలవులో కూడా ఫోన్ వదలడు. నలభై ఏళ్లకి రిటైరవుతానంటాడు. అప్పటిదాకా ఉంటావని ఏం గ్యారంటీ అని లైలా అడుగుతుంది. స్నేహితుడు ఆ ఫోన్ తీసి కారులోంచి విసిరేస్తాడు. థియేటర్లో విజిళ్లు పడే సీన్ అది. ఆన్‌కాల్ డ్యూటీ చేసే నాలాంటివాడికి మాత్రం గుండె ఝల్లుమంటుంది. తర్వాత ఈత రాని అర్జున్ సముద్రం అడుగుకి పోయి, పైకొచ్చి మాట రాక ఏడుస్తాడు. సినిమా మొత్తానికి నాకు అదే గొప్ప ఘట్టం, ఎవరూ ఏమీ బోధించరు కాబట్టి.

అయితే సినిమా దృష్టిలో అతని జబ్బు పేరు పేరాశ. మార్కాపురం, కంభం, గిద్దలూరు నుంచి హైదరాబాద్, బెంగళూరు పోయి ఇంజినీర్లయినవాళ్లలో నలభైకి రిటైరవుదామని ఎక్సెల్ షీట్ వేసుకునేవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లది ఆశ కాదు, భయం. మొదటి జీతాలు ఎండిపోయిన బోరు పక్కన ఇంకో బోరుకి పోయాయి, తర్వాతవి చెల్లి పెళ్లికి. వెలిగొండ నీళ్ల కోసం ఎదురుచూస్తూనే ఒక తరం ముసలిదైపోయింది. ఆ ఊళ్లలో సంచీ సర్దుకుని రోడ్డెక్కడం అంటే ఎక్కువసార్లు వలసే. అలాంటివాడి ఫోన్ విసిరేస్తే స్వేచ్ఛ రాదు, ఇంటినుంచి వచ్చే కాల్ మిస్సవుతుంది.

దీనికి మన జవాబు క్రిష్ ‘గమ్యం’ (2008) అంటారు. అందులో డబ్బున్న అభిరామ్ బైకు మీద తిరుగుతూ అలాంటి జనాన్నే కలుస్తాడు. నిజమే, గాలిశీను అల్లరి నరేశ్ చేసిన గొప్ప పాత్రల్లో ఒకటి. కానీ ఆ దారిలో ఎదురయ్యే పేదవాళ్లంతా హీరోకి పాఠాలు చెప్పడానికే ఉన్నట్టుంటారు, చివరికి శీను చావుతో సహా. హిందీ సినిమాకి కనీసం ఆ నటన లేదు. తన సంతోషం తనది, అంతే. నన్ను ఎంచుకోమంటే, ఇబ్బంది పడుతూనే, ఆ నిజాయితీనే ఎంచుకుంటాను.

ఆడవాళ్ల సంగతి రెండు ముక్కల్లో: లైలా నేర్పడానికి, నటాషా అనుమానించడానికి. కారులో సీటు ఇద్దరికీ లేదు.

నిశ్చింతగా బతకడానికి ఎంతవుతుందో సినిమా ఒక్కచోట అడుగుతుంది. ఇమ్రాన్‌ని కన్న తండ్రి సల్మాన్ హబీబ్ స్పెయిన్‌లో చిత్రకారుడు. బార్లో చేసిన ఆకతాయి పనికి ముగ్గురూ స్టేషన్లో పడితే విడిపించడానికి వచ్చేది ఆయనే. తర్వాత ఇంట్లో కొడుకుతో మాట్లాడతాడు. నసీరుద్దీన్ షా ఆ పాత్రకి ఏడుపు గానీ, కుమిలిపోవడం గానీ పెట్టలేదు. సంసారం తనకి సరిపడదు కాబట్టి పుట్టబోయే బిడ్డని వదిలేసి వచ్చాడు, తన బతుకు తను బతికాడు. సినిమా మొత్తం మనల్ని ఎలా బతకమంటోందో అచ్చం అలాగే. ఎదురుగా కూర్చున్న ఫర్హాన్ అఖ్తర్ మొహంలో, అప్పటిదాకా జోకులేసిన మనిషి మొహంలో, రంగు మారుతుంది. కెమెరా ఇంకో రెండు నిమిషాలు అక్కడే ఉంటే బావుండేది. పాంప్లోనాకి టైమవుతోంది మరి.