తుమ్మముల్లుతో పువ్వు పాఠం

పువ్వును విప్పి లోపలి భాగాలు చూడాలంటే సన్నని సూది కావాలి. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా పిల్లలు దానికి తుమ్మముల్లు వాడారు. ముల్లు విరిగితే చేనుగట్టున ఇంకోటి దొరుకుతుంది.

హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం 1972లో 16 బడుల్లో మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు దానికి పూనుకున్నాయి. 1978లో జిల్లా అంతటికీ పాకింది. 1982లో పుట్టిన ఏకలవ్య సంస్థ ఆ పని అందుకుంది. అన్నీ ఆరు నుంచి ఎనిమిది దాకా మామూలు తరగతులే, పాఠం చెప్పింది బడిలో ఉన్న పంతుళ్లే.

మన పుస్తకాల్లో నిత్యజీవితం ఎక్కడుంటుంది? సూత్రమంతా చెప్పాక, చివర్లో ‘ఉదాహరణ: ప్రెషర్ కుక్కర్’ అని ఒక ముక్క. కూరలో కరివేపాకు, పరీక్షకు చదివేటప్పుడు ఏరి పక్కన పెడతారు. హోషంగాబాద్ పుస్తకం ‘బాల వైజ్ఞానిక్’ తీరే వేరు. ఏం చేయాలో చెబుతుంది, ఏం కనబడిందని అడుగుతుంది, జవాబు మాత్రం చెప్పదు. నలుగురేసి పిల్లలు చేసి చూసి, సొంత నోటుబుక్కులో రాసుకుని, తరగతిలో వాదించుకుని తేల్చుకోవాలి.

ఒకే బల్లను పది జట్లు కొలిస్తే పది అంకెలు రావచ్చు. మామూలు తరగతిలో మాస్టారు ‘సరైన’ అంకె చెప్పి గోల ఆపేస్తారు. ఇక్కడ ఆ తేడాలే పాఠం. స్కేలు అంచు అరిగిందా? కన్ను వాలుగా పెట్టామా? అందరి కొలతలూ బోర్డు మీద రాస్తే ఎక్కువ ఎక్కడ గుమిగూడాయి? శాస్త్రీయ దృక్పథాన్ని 1976లో రాజ్యాంగంలో పౌరుల విధిగా చేర్చారు. ప్రతిజ్ఞలా వల్లిస్తే అది అబ్బదు. తన కొలతా పక్కవాడి కొలతా పొసగనప్పుడు, ఎవరి గొంతు పెద్దదని కాక మళ్లీ కొలుద్దామని పిల్లవాడికి తోచాలి.

ఇంజనీరు అరవింద్ గుప్తా 1978లో హోషంగాబాద్ వచ్చి, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో అగ్గిపుల్లలు కలపడం కనిపెట్టారు. అలా చేసిన చతురస్రాన్ని నొక్కితే వాలిపోతుంది, త్రిభుజం కదలదు. ఇంటికప్పు కింద వాసాలు త్రిభుజాలుగా ఎందుకున్నాయో వేళ్లకే తెలుస్తుంది. ఆయన పుస్తకాలు తెలుగులోనూ వచ్చాయి.

అసలు తెగువ మాత్రం పరీక్షల్లో కనబడింది. పుస్తకం, నోటుబుక్కు తెరిచే రాయనిచ్చేవారు. చేతులతో చేసి చూపే పరీక్షా ఉండేది. పాత పరీక్షను అలాగే ఉంచి బోధన మారుద్దామంటే జరిగేపని కాదు. మార్కులు బట్టీకే వస్తుంటే, ముల్లు పట్టుకుని పువ్వు విప్పే ఓపిక ఎవరికుంటుంది? మాస్టారికీ కష్టమే. ‘నాకూ తెలియదు, చేసి చూద్దాం’ అనడానికి శిక్షణతోపాటు గుండెధైర్యమూ కావాలి.

2002లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం కార్యక్రమాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్లు నడిచినదాన్ని అలా మూసేయడం నాకిప్పటికీ మింగుడుపడదు. మన బడిలో ఎవరైనా మొదలుపెడతానంటే కొలతల పాఠం తీసుకోమంటాను. నాలుగు స్కేళ్లు, ఒక బల్ల చాలు. పీరియడు మాత్రం రెండింతలు పడుతుంది.