చిల్లర మర్యాద

మొన్న అల్మారా సర్దుతుంటే పాత హ్యాండ్‌బ్యాగులోంచి ఒక కాగితం ముక్క బయటపడింది. ఎప్పుడో ఏదో పత్రికలోంచి కత్తిరించి దాచుకున్నది. “విదేశాలకు వెళ్తున్నారా?” అని శీర్షిక. పాస్‌పోర్టు జాగ్రత్త, ఆవకాయ సీసా మూత బిగింపు, మోకాళ్ళనొప్పుల మాత్రలు అన్నీ అయ్యాక, 8వ నంబరు సలహా: “అమెరికా హోటళ్ళలో బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్పు ఇవ్వాలి. జపానులో ఇవ్వకూడదు. మిగతా చోట్ల సందర్భాన్ని బట్టి.” అంతే. 9వ నంబరు షాపింగు గురించి.

ఈ 8వ నంబరు మీద నేనిప్పుడు విమర్శ రాయబోతున్నాను. నవ్వకండి. నవలల మీదా, కవితా సంపుటాల మీదా విమర్శలు వస్తూనే ఉంటాయి. మన ఆడవాళ్ళం అందరికంటే శ్రద్ధగా చదివి, కత్తిరించి, పోపులడబ్బా వెనకాల దాచుకునే ఈ సలహాల సాహిత్యాన్ని మాత్రం ఏ విమర్శకుడూ కన్నెత్తి చూడడు. చదివి బోల్తాపడ్డదాన్ని కనక ఆ హక్కు నాకుందని అనుకుంటున్నాను.

మా అమ్మాయిది డాలస్. మేము వెళ్ళిన మూడో రోజో నాలుగో రోజో అల్లుడు అందర్నీ హోటలుకి తీసుకెళ్ళాడు. ఒక సన్నపాటి పిల్ల నవ్వుతూ వచ్చి వడ్డించింది. కారం లేనిదేదో నాకోసం వెతికి తెచ్చింది. మావారు మంచినీళ్ళలో ఐసు వద్దంటే గ్లాసు మార్చింది. భోజనాలయ్యాయి, అల్లుడు బిల్లు కట్టాడు. అందరూ లేచి ముందు నడిచారు. ఆఖర్న నేను. చూద్దును కదా, బల్లమీద 18 డాలర్లు! మన రూపాయల్లోకి మార్చేసరికి గుండె గుభేలుమంది. ఆ సలహా నాకు కంఠతా వచ్చు సుమండీ. కాని టిప్పంటే మనిషి చేతిలో పెట్టేదని నా లెక్క. బల్లమీద వదిలేసింది మరుపే అయివుండాలి. గబగబా తీసి పర్సులో పెట్టుకుని, కారు దగ్గర “బాబూ, ఇవి మర్చిపోయారు” అని అందించాను. దొంగ సొత్తు పట్టిచ్చినంత గర్వంగా!

అల్లుడి మొహం పాలిపోయింది. ఒక్క మాటా అనకుండా వెనక్కి పరిగెత్తాడు. అద్దంలోంచి కనిపిస్తూనే ఉంది. ఆ పిల్ల మా ఖాళీ బల్ల దగ్గరే నిలబడి ఉంది. అల్లుడు ఏదో చెప్పి డబ్బిచ్చాక, తలెత్తి అద్దంలోంచి తిన్నగా నావైపే చూసింది. కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

నా కాగితంలో శాతం ఉంది గాని ఆ పిల్ల లేదు. నా మొదటి ఫిర్యాదు అదే.

రాత్రి మా అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. అమెరికాలో చట్టప్రకారం గంటకు ఇవ్వాల్సిన కనీస కూలి 2009 నుంచీ 7 డాలర్ల 25 సెంట్లు. కాని టిప్పులొచ్చే ఉద్యోగమైతే యజమాని తన జేబులోంచి 2 డాలర్ల 13 సెంట్లిస్తే సరిపోతుంది. మిగతాది టిప్పుల్లో పూడాలి. పూడకపోతే ఆ తేడా యజమాని కట్టాలి. ఈ 2 డాలర్ల 13 సెంట్లు 1991 నుంచీ ఒక్క సెంటు పెరగలేదట. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు ఈ తేడా తీసేసి అందరికీ ఒకే కనీస కూలి పెట్టుకున్నాయి. టెక్సాసు పెట్టుకోలేదు. అంటే నేను పర్సులో పెట్టుకొచ్చింది బహుమానం కాదు, ఆ పిల్ల జీతం!

ఆ ఒక్క ముక్క కాగితంలో రాసి ఉంటే నేను బల్లమీది డబ్బు ముట్టుకుని ఉండేదాన్నా? “ఎంత” అన్నది చెప్పి “ఎందుకు” అన్నది దాచే సలహా, పాళ్ళు చెప్పి వంటేమిటో చెప్పని వంటల పుస్తకం లాంటిది.

సలహాలే కాదు, యాత్రాకథనాలూ అంతే. ఈ మధ్య వస్తున్న విదేశీయానాలు వరసగా చదివాను. ఈఫిల్ టవరు ఎత్తు ఉంటుంది, నయాగరా తుంపర ఉంటుంది, ఇడ్లీ ఎక్కడ దొరికిందో ఉంటుంది. టిప్పు మాటొస్తే మాత్రం ఒకటే వరస: “అక్కడ ప్రతివాడికీ చెయ్యి తడపాల్సిందే” అని ఒక విసురు, మనవాడు ఇవ్వకుండా ఎలా తప్పించుకున్నాడో ఒక జోకు. మూట మోసినవాడికి మొహం ఉండదు.

వెనకటివాళ్ళు ఇలా లేరు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, పదిహేను నెలలు తిరిగి, మన హైదరాబాదు మీదుగా కూడా నడిచి రాసిన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. దారిలో ఎక్కడ దిగాలి, ఏ ఊళ్ళో ఏ సామాను దొరుకుతుంది, ఏ నది ఎలా దాటాలి అన్నీ రాశారు. ఆయన పల్లకీలో కూర్చుని లోకం చూశారు, నిజమే. కాని పల్లకీ మోసే బోయీలు లేకపోతే ప్రయాణం లేదని ఆ పుస్తకం మరిచిపోనివ్వదు. ఇప్పటివాళ్ళకి పల్లకీ ఉంది, బోయీలు మాయమయ్యారు!

అసలు ఈ డబ్బుకి లోకంలో ఉన్న పేర్లు చూడండి. ఫ్రెంచివాళ్ళ మాటకి ‘తాగడానికి’ అని అర్థం. జర్మన్ల మాటకీ ‘తాగుడు డబ్బు’ అనే. రష్యావాళ్ళది మాత్రం ‘టీకి’. మన ‘చాయ్ పైసల’కి వేలువిడిచిన మేనత్త కూతురన్నమాట! బక్షీసు పారశీకం. ఆ క్రియకి ఇవ్వడమనీ క్షమించడమనీ రెండర్థాలూ ఉన్నాయి. ఇచ్చేవాడు పైన, పుచ్చుకునేవాడు తప్పుచేసినవాడిలా కింద. ఇక మామూలు. అరబ్బీలో ‘అలవాటుగా జరిగేది’ అని అర్థమట. మన దగ్గర పండక్కి పోస్టుమనిషికిచ్చేదీ మామూలే, ఆఫీసులో ఫైలు కదలడానికి బల్లకింద ఇచ్చేదీ మామూలే. ఒకటి సంతోషం, ఒకటి లంచం. మన నిఘంటువు మొహమాటపడి రెండింటికీ ఒకే చీర కట్టింది.

మేముండేది జహనుమాలో. ‘జహాన్ నుమా’ అంటే లోకాన్ని చూపించేది. పక్కనే ఫలక్‌నుమా, ఆకాశాన్ని చూపించేది. పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా 1884లో మొదలుపెట్టించిన ఆ ప్యాలెస్ తరవాత ఆరో నిజాం చేతికి పోయింది, 2010 నుంచీ పెద్ద హోటలుగా నడుస్తోంది. ఈ ఊళ్ళో ఒకప్పుడు డబ్బు కిందకే కాదు, పైకీ నడిచేది. దర్బారుకి వెళ్ళినవాళ్ళు రుమాలు మీద నాణేలుంచి రెండు చేతులా ప్రభువుకి నజరు పట్టేవాళ్ళు. ఇచ్చేవాడు వంగాలి, పుచ్చుకునేవాడు నిటారుగా ఉండాలి. బక్షీసుకి సరిగ్గా తిరగేసిన తంతు. డబ్బు ఒక్కటే, వంగే నడుము మారింది. కనక ఇచ్చే డబ్బులో అవమానం దానంతటది ఉండదు. అది మనం ఇచ్చే పద్ధతిలో ఉంది.

జపానువాళ్ళు ఈ సంగతి బాగా ఎరుగుదురు. అక్కడ హోటల్లో బల్లమీద చిల్లర వదిలేస్తే, మరిచిపోయారేమోనని వెనకాల తెచ్చిస్తారు. (నేను చేసిందీ అదే కదా, కాకపోతే దేశం తప్పింది!) కాని వాళ్ళ సంప్రదాయపు సత్రాల్లో అతిథిని కనిపెట్టుకుని ఉండే ఆవిడకి కొందరు ఇష్టంగా ఇస్తారు. నోటుని శుభ్రమైన కవర్లో పెట్టి, రెండు చేతులతో. మనం పెళ్ళి చదివింపుల కవరు అందించినట్టే. 8వ నంబరు సలహాలోని “ఇవ్వకూడదు” వెనక ఇంత కథ ఉంది.

అమెరికాలోనూ ఆ శాతం వెనక కథ ఉంది. అక్కడ రైళ్ళలో పడక పెట్టెలు నడిపిన పుల్‌మన్ కంపెనీ నల్లవాళ్ళని పోర్టర్లుగా పెట్టుకుని, తక్కువ జీతమిచ్చి, మిగతాది ప్రయాణికుల టిప్పులకి వదిలేసింది. ప్రయాణికులు ఎవరినైనా సరే ‘జార్జి’ అనే పిలిచేవాళ్ళు. యజమాని పేరు జార్జి పుల్‌మన్ కనక! 1925లో రాండాల్ఫ్ నాయకత్వంలో ఆ పోర్టర్లు సంఘం పెట్టి, పన్నెండేళ్ళు పోరాడి, 1937లో కంపెనీతో ఒప్పందం కుదుర్చుకున్నారు. సొంత జీతమూ సొంత పేరూ కావాలన్నవాళ్ళు వాళ్ళు.

ఈ పేరు సంగతి నాకు బాగా అర్థమైంది మాత్రం పుస్తకాల్లో కాదు, మా పక్కింటి ఖాలా దగ్గర. మా పిల్లలు చిన్నప్పటినుంచీ ఆవిణ్ణి ఖాలా అనే పిలుస్తారు, నాకూ అదే అలవాటైంది. ఆవిడ చిన్నకొడుకు దుబాయిలో ఒక హోటల్లో సర్వరు. నా డాలస్ భాగోతం చెప్తే ఖాలా కడుపుబ్బ నవ్వి, తరవాత కొంచెం గంభీరంగా అంది:

“మీ తెలుగోళ్ళు దిల్ ఉన్నోళ్ళే అమ్మా. మావోడు తెలుగు మాట్లాడితే చాలు, హైదరాబాదా, ఏ ఏరియా, జహనుమానా అని ఖుష్ అయితరు. ఫొటో దిగుతరు. తమ్ముడూ తమ్ముడూ అంటరు. పోయేటప్పుడు బిల్లు పైసతో సహా లెక్కజూసి కట్టి పోతరు. మనోడే గదా అని. మనోడైతే ముఫ్తుల పనిజెయ్యాల్నా?”

నాకు నోట మాట రాలేదు. బంధుత్వం కలిపేది మనమే, ఆ బంధుత్వం పేరుతో ఎగ్గొట్టేదీ మనమేనా!

“మరి దొరలో?” అన్నాను, మాట మార్చడానికి.

“ఇస్తరు. మొకం జూడకుండ ఇస్తరు. పైసలు జేబుల పడ్తయి, అంతే.”

మరి కొడుక్కి గుర్తున్నవాళ్ళెవరూ లేరా అంటే, ఉన్నారట ఒకావిడ. ఏ దేశమో తెలియదు. వచ్చి కూర్చోగానే పేరడిగిందట. వెళ్ళేటప్పుడు ఆ పేరు తప్పులేకుండా పలికి షుక్రియా చెప్పి, నోటు మడిచి చేతికిచ్చిందట. పెద్ద మొత్తమేం కాదు. కాని ఆ సంగతి దుబాయి నుంచి ఫోను చేసి మరీ అమ్మకి చెప్పాడు.

మర్యాద అంటే పేరూ పైసా రెండూనని అప్పుడు తోచింది. పేరడిగి పైసివ్వకపోతే అది తియ్యటి ఎగవేత. పైసిచ్చి పేరడక్కపోతే అది బక్షీసు. శాతాల లెక్కలో రెండోది ఉంది గాని మొదటిది లేదు. ఇక లెక్కలంటారా, అవి ప్రభుత్వాలు చూసుకోవచ్చు. బిల్లులో సేవారుసుము దానంతటదే కలపకూడదని మన కేంద్ర వినియోగదారుల సంస్థ 2022లో చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. టిప్పులు పూర్తిగా పనివాళ్ళకే చెందాలని బ్రిటనులో చేసిన చట్టం 2024 అక్టోబరు నుంచీ అమల్లోకొచ్చింది. మంచివే. కాని ఏ చట్టమూ మన చేత తలెత్తి ఎదుటి మనిషి మొహం చూపించలేదు.

కనక ఎనిమిదో నంబరు సలహా తిరగరాయమంటే నేనిలా రాస్తాను: “వెళ్ళబోయే ఊళ్ళో పనివాళ్ళకి జీతం ఎలా వస్తుందో ముందు కనుక్కోండి. టిప్పు జీతంలో భాగమైతే అది ధర్మం కాదు, బాకీ. తీర్చండి. ఇవ్వకపోవడమే గౌరవమైన చోట నోరారా ధన్యవాదం చెప్పండి. ఎక్కడైనా సరే, పేరు అడగండి.”

ఇంతవరకు రాసి, ఇతరులకి చెప్పడం సులువేనని నాకే అనిపించింది. మా వీధి ఊడ్చే ఆవిడ దసరాకి వస్తుంది, రంజానుకి ఖాలా ఇంటికీ వెళ్తుంది. పదేళ్ళుగా గేటు కమ్మీల్లోంచి నోటు అందిస్తున్నాను, ఏడాదికింత పెంచుతూ. దాతనని లోలోపల అనుకుంటూ కూడా. పేరు మాత్రం ఒక్కసారీ అడగలేదు. మర్నాడు పొద్దున్నే గేటు తీసుకుని బయటికి వెళ్ళి అడిగాను.

“నీ పేరేమిటమ్మా?”

ఆవిడ చీపురు ఆపి బెదురుగా చూసింది. “ఎందుకమ్మా, ఏం తప్పు జేసిన? ఎవలన్నా కంప్లైంట్ జేసిన్రా?”